పొగ కనిపించినంత దూరం

పదకొండింటికి రమ్మన్నారు. పదకొండు దాటింది, తలుపు మూసే ఉంది, గాజు తలుపు కాబట్టి లోపల ఎవరు చేతులు తిప్పుతున్నారో, ఎవరు తలూపుతున్నారో కనిపిస్తుంది, మాట మాత్రం బయటికి రాదు, చేపల తొట్టి అనుకుంది ఆమె, తేడా అల్లా తొట్టిలో చేపలు మన ఉద్యోగం గురించి మాట్లాడుకోవు. నడవలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆమె, రెండోదాంట్లో ఆమె సంచి. ఒళ్లో లాప్‌టాప్, అందులో ఆట, ఆటలో లోయ, లోయలో గుడిసె, గుడిసెలో పొయ్యి. పొయ్యి మండుతోంది, పక్కన కట్టె ఒక్కటీ లేదు. ఇది కట్టినవాళ్లు ఆటలోకి దిగకుండానే చూసుకునే తెర, ఇప్పుడు ఆమె చూడాల్సింది కాదు. చూడాల్సింది స్లైడు, దానిమీద శీర్షిక మాత్రం ఉంది: ‘ఆటగాళ్లు ఎందుకు ఉండిపోతున్నారు?’ కింద ఏమీ లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఏమీ లేదు. ఒక్క స్లైడు చాలండీ, మూడు ముక్కల్లో చెప్పండి అన్నాడు డైరెక్టరు. మూడు ముక్కల్లో చెప్పగలిగేదైతే ఇన్నేళ్లు ఈ కొండలూ వాగులూ కట్టడం దేనికి, ఆ మూడు ముక్కలే అమ్ముకునేవాళ్లం కదా. స్లైడు వంకే, అసలు సంగతి దాని వెనకాల ఉంది, పొయ్యిలో కట్టె వేసినవాడికి పాయింట్లు. పన్నెండింటికి ఆట మూస్తారు, మార్పులు ఎక్కించి సాయంత్రం తెరుస్తారు, ఆ మార్పుల్లో పాయింట్లు చేరాలంటే ఆ లోయ కట్టిన మనిషి ఒప్పుకుని మీట నొక్కాలి. కట్టింది ఆమె. ఇన్నాళ్లూ ఆ మీట ఒకటుందని కూడా ఎవరికీ గుర్తులేదు, నొక్కమన్నప్పుడల్లా నొక్కింది కాబట్టి.

నొక్కను, అనుకుంది. అనుకోవడం తేలికే. లోపలికి వెళ్లాక డైరెక్టరు కుర్చీ జరిపి, నీళ్ల గ్లాసు ముందుకు తోసి, మీ కష్టం మాకు తెలియంది కాదండీ అని మొదలుపెడతాడు, అతను అరిచే మనిషి అయితే ఎంత బాగుండేది, అరిచేవాడికి అరుపు జవాబు, గ్లాసు ముందుకు తోసేవాడికి ఏం జవాబు చెప్పాలి. నిప్పు కాస్త తగ్గింది. ఇంకా ఎర్రగానే ఉంది. ఈ వేళకి కట్టెలతో రావాలి వాడు.

ఆ పొయ్యి పొరపాటున పుట్టింది. ఆటలో ప్రతి వస్తువుకీ ఒక దూరం రాయాలి, ఎంత దూరం నుంచి కనిపించాలో, చెట్టుకింత, కొండకింత, కుక్కకింత. ఆ దూరం దాటితే యంత్రం దాన్ని గీయదు, చూడనివాడి కోసం గీయడం దండగని. పొగకీ రాయాలి. ఆమె ఆ గడి దగ్గరికి వచ్చి కాఫీకి లేచింది, లేచాక ఫోన్ వచ్చింది, ఫోన్ పెట్టాక మరిచిపోయింది. మనిషైతే ఏమ్మా ఇక్కడ ఖాళీ వదిలేశావు అంటాడు. యంత్రం అనదు, ఖాళీ అంటే హద్దు లేదని తీసుకుంటుంది. ఆట తెరిచిన పొద్దున ఉత్తరాన మంచులో నిలబడ్డవాడికీ, దక్షిణాన సముద్రంలో పడవ మీద ఉన్నవాడికీ ఆకాశంలో ఒక గీత కనిపించింది. లక్షల మంది తిరిగే లోకం అది, ఎటు పోవాలో చెప్పే బాణాలు అడుగడుక్కీ పెట్టారు, బాణాలన్నీ సంతకీ యుద్ధానికీ, పొగ వైపు ఒక్కటీ లేదు. అయినా నడిచారు. పొగ ఉందంటే కింద మనిషి ఉంటాడు, అది ఎవరు నేర్పారు వాళ్లకి. మొదట వచ్చినవాడికి మనిషి కనిపించలేదు, పొయ్యి కనిపించింది, కట్టె వేసి కూర్చున్నాడు. రెండోవాడు వచ్చేసరికి మొదటివాడున్నాడు. అంతే. పొయ్యిని ఆమె పరీక్ష కోసం పెట్టింది, గాలి ఎటు వీస్తే పొగ ఎటు వంగుతుందో చూడడానికి, చూశాక తీసేయాల్సింది. వెలిగించే ఏర్పాటు కూడా ఆటగాళ్లకి ఇవ్వలేదు. కట్టె వేయొచ్చు, ఆరితే వెలిగించలేరు. ఒకరు మోయగలిగింది రెండు కట్టెలు, ఆ రెండూ కాలిపోయేలోపు అడవికి పోయి రాలేరు. అంటే ఒక్కడివల్ల కాదు. ఇంత ఆలోచించి కట్టారా అని ఎవరో అడిగారు ఒకసారి. లేదు, ఏమీ ఆలోచించలేదు, ఆలోచించి ఉంటే చెడిపోయేది.

వాళ్లే పద్ధతి పెట్టుకున్నారు. కట్టెలు తెచ్చినవాడు కూర్చుంటాడు, కూర్చున్నవాడు కట్టెలకి లేస్తాడు. వచ్చేవాడు వచ్చేదాకా ఉన్నవాడు కదలడు. ఎవరూ రాయలేదు, ఎక్కడా అంటించలేదు, కొత్తగా వచ్చినవాడు ఇదేంటి దీనివల్ల ఏం వస్తుంది అని అడుగుతాడు, పాతవాడు జరిగి చోటిస్తాడు, అదే జవాబు. అలా ఇప్పటిదాకా ఆరలేదు. ఆట మూసినప్పుడు మండుతూ ఉంటే తెరిచినప్పుడూ మండుతూ ఉంటుంది, ఆరి ఉంటే బూడిదే ఉంటుంది. ఇవాళ పన్నెండింటికి మూత అని అందరికీ కబురు పంపారు, కబురు చూసి చాలామంది పొద్దున్నే దిగిపోయారు, మధ్యలో ఆగిపోయే నడక ఎవడు నడుస్తాడు. చివరగా ఉన్నది జాలరి వేషంలో ఎవరో, వాడూ ఇందాక ‘షిఫ్టుకి టైమైంది, క్షమించండి’ అని ఖాళీ గుడిసెకి చెప్పి మాయమయ్యాడు. ఖాళీ గుడిసెకి. ఎవరూ లేకపోయినా చెప్పి వెళ్లాడు. దాన్ని ఏ స్లైడులో పెట్టాలి.

“ఏంటండీ, ఇంకా బయటే కూర్చోబెట్టారా?”

లెక్కలాయన. ఆట ఎవరు ఎంతసేపు ఆడుతున్నారు, ఎక్కడ విసుగెత్తి వదిలేస్తున్నారు అని లెక్క కట్టే మనిషి, చేతిలో కప్పు, మెడలో కార్డు. సంచి తీసి కింద పెట్టింది, కూర్చున్నాడు.

“నామీద కోపంగా ఉన్నారని విన్నాను. నేను మీ పొయ్యి గురించి మంచే చెప్పానండీ. ఒక్కసారి అక్కడికి వెళ్లినవాడు ఆట వదలడం లేదు, గ్రాఫు గీసి మరీ చూపించాను.”

“మంచి చెప్పబట్టేగా ఈ గొడవంతా. చెడ్డది అని చెప్పి ఉంటే మర్చిపోయేవాళ్లు.”

“అదేంటండీ, పిల్ల బాగుందని చెప్తే తిట్టినట్టు.”

“పిల్ల బాగుందని వీధంతా చాటింపు వేస్తే దిష్టి తగలదా?”

నవ్వాడు. కప్పులోకి చూసుకున్నాడు. “పాయింట్లిస్తే ఇంకా ఎక్కువ మంది వస్తారు కదా, అందులో నష్టమేంటో నాకు నిజంగా తెలియక అడుగుతున్నా” అన్నాడు. చెప్పాలని నోరు తెరిచేలోపు గాజు వెనక నుంచి చెయ్యి ఊపారు, అతన్ని, ఆమెని కాదు. కప్పు పట్టుకుని లోపలికి పోయాడు. తొట్టిలోకి ఇంకో చేప.

నష్టమేంటి. వంతెన సంగతి మరిచిపోయారా అందరూ. వాగు మీద వంతెన, కాలుజారి పడినవాడికి పైనున్నవాడు తాడు వేసేవాడు, వేయకపోయినా అడిగేవాడు లేడు, అయినా వేసేవాళ్లు, తడిసినవాడు పైకొచ్చి దణ్ణం పెట్టేవాడు, ఆ దణ్ణం కూడా వాళ్లు కనిపెట్టుకున్నదే, రెండు బొత్తాలు కలిపి నొక్కితే వచ్చేది. ముచ్చటపడ్డారు పైవాళ్లు. కాపాడినవాడికి పతకం అన్నారు. పతకం పెట్టిన రోజు సాయంత్రానికి వంతెన మీద జనం కిక్కిరిశారు, ఒకణ్ని ఒకడు వాగులోకి తోస్తున్నాడు, తోసి తాడు వేస్తున్నాడు. ఈత వచ్చినవాడు ఒడ్డుకి పోతుంటే వాణ్నీ వదల్లేదు, తాడు మెడకి తగిలించి లాగారు. నువ్వు నన్ను తొయ్యి, తర్వాత నేను నిన్ను తోస్తా అని ఒప్పందాలు. వారం తిరిగేసరికి పతకాలు అందరికీ వచ్చేశాయి, వంతెన మీద ఒక్కడు లేడు. ఆ తర్వాత పడినవాడు పడినట్టే కొట్టుకుపోయాడు, తాడు అక్కడే ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పతకం తీసేశారు, దణ్ణం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు పొయ్యికి కూడా అదే మందు, కట్టెకి ఇన్ని పాయింట్లు, వారం వరుసగా వేస్తే బంగారు గొడ్డలి, గోడమీద పేర్ల పట్టిక, మొదటి పేరు ఎవరిదని కొట్టుకోవడం. లెక్కలాయన అబద్ధం చెప్పలేదు, ఎక్కువ మంది వస్తారు, కట్టె పడేసి తలుపు దగ్గర్నుంచే తిరిగిపోతారు. కూర్చునేవాడు ఉండడు. పాయింట్లు కట్టెకే గాని కూర్చోవడానికి కాదు కదా, ఆ మాట అంటే కూర్చోవడానికీ ఇద్దాం అంటారు, ఆ పనీ చేస్తారు వీళ్లు.

ఆమెకి తెలుసు, ఎందుకంటే పెట్టె కట్టింది కూడా ఆమే. పొద్దుటి పెట్టె. రోజూ ఆట తెరవగానే ఒక బహుమతుల పెట్టె, నిన్నటికంటే ఇవాళ పెద్దది, ఇవాళ్టికంటే రేపు, ఒక్కరోజు రాకపోతే మళ్లీ అగ్గిపెట్టె అంతది. నెల రోజుల్లో కట్టి ఇచ్చింది, చప్పట్లు కొట్టారు, ఇదే గాజు గదిలో. జనం ఆట మీద ఇష్టంతో వస్తున్నారో, పెట్టె చిన్నదవుతుందన్న భయంతో వస్తున్నారో గ్రాఫులో తేడా కనిపించదు, గీత పైకే పోతుంది. గీత కింద తమ్ముడున్నాడు. మేనకోడలి పుట్టినరోజు, గది నిండా బుడగలు, పాప కొవ్వొత్తి ఊదడానికి గాలి పీల్చి పట్టుకుని నాన్న కోసం చూస్తోంది, మరదలు “ఏమండీ, పాప ఆగలేకపోతోంది” అంటోంది, వాడు కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని, ఒక్క క్షణం, ఒక్క క్షణం, ఇవాళ్టి పెట్టె మూసేస్తారు. ఆమె వెళ్లి ఫోన్ లాక్కుంది. అందరిలో. “నీ బతుకంతా ఈ ఆటలోనే తెల్లారిపోయేట్టుందిరా” అంది. వాడు ఫోన్ కోసం చెయ్యి చాచలేదు. ఆమె వైపు చూసి, అందరికీ వినిపించేట్టు, “వండి వడ్డించేదీ నువ్వే, తింటే తిట్టేదీ నువ్వేనా అక్కా?” అన్నాడు. బంధువుల్లో ఎవరో నవ్వారు. కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయింది, పాప ఏడ్చింది. అప్పటినుంచి వాడు మాట్లాడలేదు. మర్నాడు ఆమె వచ్చి పెట్టె తీసేద్దామంది డైరెక్టరుతో, గ్లాసు ముందుకు తోశాడు, మీరు అలిసిపోయారండీ, కొన్నాళ్లు ఆ ఉత్తరం లోయ చూసుకోండి, అక్కడికి ఎవరూ వెళ్లరు, ప్రశాంతంగా ఉంటుంది. ఎవరూ వెళ్లని లోయ. నవ్వొచ్చింది ఆమెకి, నడవలో ఒక్కతే నవ్వుకుంది, ఎదురుగా పోతున్న ఎవరో చూసి తనూ నవ్వి పోయారు.

నిప్పు నారింజ రంగు దాటి బూడిద అంచుకి వచ్చింది. ఎక్కడున్నాడు వీడు. తమ్ముడు పళ్లు చేస్తాడు. డాక్టర్లు కొలతలు పంపితే పింగాణీ పన్ను చేసి కొలిమిలో కాల్చి పంపిస్తాడు, చుట్టాలందరూ పళ్ల డాక్టరనే అంటారు, పళ్ల డాక్టర్ని కాదండీ, పళ్లు చేసేవాణ్ని అని వాడు ప్రతి పెళ్లిలో ప్రతి పంక్తిలో చెబుతాడు, విని, సరే డాక్టరు గారూ ఈ పన్ను కాస్త చూడండి అని నోరు తెరుస్తారు. ఆట మానేశాడని మరదలు చెప్పింది, “ఫోన్లోంచి తీసేశారు వదినా, మీకు చెప్పమన్లేదు, నేనే చెప్తున్నా.” తీసేశాడు. చాలాకాలం తర్వాత ఒక పొద్దున పొయ్యి దగ్గర ఆమె కూర్చుని ఉంటే, ఆఫీసు మనిషిగా కాదు, అందరిలా పేరు పెట్టుకుని అందరిలా నడిచి వెళ్లి కూర్చుని ఉంటే, తలుపులోంచి రెండు కట్టెలతో ఒకడు వచ్చాడు, తలమీద పేరు ‘డాక్టర్ని కాదు’. ఆమె చేతులు మీటల మీద ఆగిపోయాయి. పెట్టె తెరిచిన గుర్తు వాడి సంచి మీద లేదు, ఒంటిమీద ఆటవాళ్లు ఉచితంగా ఇచ్చే చొక్కానే. పాయింటు ఒక్కటి లేదు. పొయ్యికోసం వచ్చాడు. కొలిమిలో పన్ను కాలుతున్నంతసేపు వాడికి పని ఉండదు, ఆ వేళకి వస్తాడు, కట్టె వేస్తాడు, పద్ధతి ప్రకారం ఆమె లేస్తుంది, వాడు కూర్చుంటాడు. ఒక్క మాట లేదు. ఆ పొద్దు మొదలు, పనిరోజు ఏదీ తప్పకుండా, ఆమె లేచిన చోట వాడు కూర్చున్నాడు. ఆమె పేరు ‘మూడో మెట్టు’. చూసే ఉంటాడు. చూడకుండా ఉంటాడా. చూసినా అదేంటో గుర్తుందా.

మూడో మెట్టు అంటే మూడో మెట్టే. చిన్నప్పుడు అద్దె ఇల్లు, మేడమీద వాటా, అమ్మ మిల్లులో షిఫ్టు, తాళం అమ్మ దగ్గర, బడి నుంచి వచ్చి మెట్లమీద కూర్చోవాలి. రెండో మెట్టు నుంచి గేటు కనపడదు, గోడ అడ్డం, నాలుగో మెట్టు మీద కింది వాటావాళ్ల పూల తొట్లు. మూడోది ఒక పక్క విరిగింది, ఒకరే పడతారు. ఆమె బడి ముందు వదిలేవాళ్లు, ఆమె కూర్చునేది, వాడు వచ్చి సంచి కింద పడేసి, “అక్కా, జరుగు” అనేవాడు. చోటు లేదురా. జరుగు. చోటు ఎక్కడుందిరా. జరగవే. జరిగేది. ఎలా పట్టేవాళ్లో తెలియదు, పట్టేవాళ్లు, సగం సగం గాల్లో కూర్చుని గేటు వైపు చూసేవాళ్లు. అమ్మ వస్తుందని కూర్చున్నామా, అమ్మ ఎలాగూ వస్తుంది, ఇంట్లో ఎవరూ లేకపోతే ఊళ్లో ఎక్కడైనా తిరిగి రావచ్చు, పిల్లలందరూ మైదానంలోనే ఉండేవాళ్లు. వాడు వచ్చేసరికి ఆమె ఉంటుందని వాడికి తెలుసు, వాడికి తెలుసని ఆమెకి తెలుసు. అందుకని ఆమె మైదానానికి పోలేదు, ఎవరూ పోవద్దనలేదు, పోకపోతే ఎవరూ పతకం ఇవ్వలేదు. గుడిసెలో పొయ్యి ముందు దుంగ వేసినప్పుడు ఒకరికి సరిపడా వేసింది. పొడుగు వేయొచ్చు కదా అన్నాడు బొమ్మలు గీసే కుర్రాడు. వద్దంది. ఎందుకు వద్దందో అప్పుడు తెలియదు. మూడు ముక్కల్లో చెప్పమన్నాడు కదా, ఎవరో వస్తారు, నేను ఉండాలి. నాలుగున్నాయి. పోనీ.

నిప్పు ఇంకా తగ్గింది. వాడు రావడం లేదు. ఇవాళ పళ్లు ఎక్కువున్నాయేమో, పాపకి బాగాలేదేమో, కబురు చూసి అందరిలాగే వాడూ ఊరుకున్నాడేమో. ఆఫీసు మనిషిగా ఆటలోకి పోతే ఒక్క మీటతో గుడిసె నిండా కట్టెలు పడేయొచ్చు. నిప్పు ఎప్పటికీ ఆరకుండా రాసేయొచ్చు. అలా ఎన్నడూ చేయలేదు, పొయ్యి దగ్గరికి ఒక్కసారి కూడా ఆ తాళంతో వెళ్లలేదు. ఆరని నిప్పు కోసం ఎవడు నడుస్తాడు. ఆరిపోతే డైరెక్టరు ఒక్క మాట అక్కర్లేకుండా గెలుస్తాడు, చూశారా, పాయింట్లు లేకపోతే ఏమైందో, వెలిగిద్దాం, పాయింట్లతోనే వెలిగిద్దాం. అందరిలాగే తన పేరుతో ఆటలోకి దిగింది, మూడో మెట్టు అడవి అంచున నిలబడి ఉంది, నిన్న అక్కడ వదిలేసింది. ఆమె గొడ్డలి ఎత్తింది. ఒక కట్టె. రెండో కట్టె. అడవిలోంచి బాట, బాట పక్కన వాగు, పరిగెత్తితే కట్టె జారిపోతుంది, ఆ నియమం కూడా తను పెట్టిందే, నడవాలి, తన నియమాన్ని తనే తిట్టుకుంటూ నడిచింది, చెట్ల పైన పొగ గీత సన్నబడింది, కానీ ఉంది.

గాజు తలుపు తెరుచుకుంది. “రండి, మిమ్మల్నే పిలుస్తున్నారు.”

లాప్‌టాప్ మూయలేదు. తెరిచినదాన్ని తెరిచినట్టే రెండు చేతుల్లో పట్టుకుని లోపలికి వెళ్లింది, కూర్చోకముందే తీగ అందుకుని గుచ్చింది, గోడమీద తెర నిండా బాట, వాగు, నడుస్తున్న మూడో మెట్టు. డైరెక్టరు నీళ్ల గ్లాసు ముందుకు తోశాడు. లెక్కలాయన ఒక పక్క, చివర ఇంకో ఇద్దరు.

“స్లైడు ఏదండీ?”

“ఇదే.”

“ఇది ఆట కదా.”

“మీరు అడిగింది ఆట గురించే కదండీ. ఒక్క నిమిషం, పొయ్యి ఆరిపోతోంది.”

మాట్లాడటానికి ఆమె చోటివ్వలేదు, తెర వైపు తిరిగి మూడో మెట్టుని నడిపించింది. గుడిసె తలుపు, లోపల చీకటి, పొయ్యిలో బూడిద మధ్య ఎరుపు, గోరంత. కట్టె పెట్టింది. ఏమీ కాలేదు. రెండోది పెట్టింది. పొగ సుడి తిరిగింది, పక్కకి వంగింది, అంటుకుంది. చివరనున్న ఇద్దరిలో ఒకావిడ “అమ్మయ్య” అంది, అని డైరెక్టరు వైపు చూసి సర్దుకుంది.

“బాగుందండీ. నేను చెప్పేదీ అదే. ఇలా చివరి క్షణం దాకా రాకూడదనే పాయింట్లు. పాయింట్లుంటే ఈపాటికి అక్కడ వందమంది ఉండేవాళ్లు.”

“ఉండేవాళ్లు. వంతెన మీద కూడా ఉన్నారు వందమంది.”

డైరెక్టరు పెన్ను తిప్పుకున్నాడు. “అది వేరు, ఇది వేరు. ఇక్కడ తోయడానికి వాగు లేదు కదా.”

“మనిషికి తోయాలని ఉంటే వాగే కావాలా?”

“సరే, ఒక మాట చెప్పండి. ఇప్పుడు ఇంత దూరం నడిచి ఆ రెండు కట్టెలు వేశారు. మీకేం వచ్చింది?”

“ఏమీ రాలేదు.”

“అదే కదా నేనంటున్నది.”

“నేనూ అదే అంటున్నాను. ఏమీ రానిచోటికి ఇన్నాళ్లుగా వస్తున్నారు. వచ్చేదేదో మీరు పెట్టారనుకోండి, అది అయిపోగానే పోతారు. ఇది అయిపోదు, ఎందుకంటే ఇక్కడ ఏమీ లేదు.”

లెక్కలాయన నవ్వి దాన్ని దగ్గులోకి మళ్లించాడు. డైరెక్టరు గడియారం చూశాడు. “ఇప్పుడు ఏం చేయమంటారు మమ్మల్ని?”

“కూర్చోండి. నేను మళ్లీ కట్టెలకి వెళ్తే వచ్చేలోపు ఆరిపోతుంది. వెళ్లను. ఎవరైనా రావాలి.”

“ఎవరొస్తారండీ, మూసేస్తున్నామని మనమే చెప్పాం.”

“రాకపోతే రారు. రాకపోయినా నేను నొక్కను. అది ముందే చెప్తున్నాను.”

చెప్పేసింది. గోడమీద మూడో మెట్టు దుంగ మీద కూర్చుని ఉంది, వీపు ఇటు. కట్టెలు సగానికి వచ్చాయి. గదిలో ఎవరో కుర్చీలో కదిలారు, ఫోన్ ఒకటి మోగి ఆగింది, విచిత్రం, లేచి పోవచ్చు కదా వాళ్లు, తెర కట్టేయమనొచ్చు, అధికారం వాళ్లదే, ఎవరూ లేవడం లేదు, అందరూ ఆ గుడిసె తలుపు వైపే చూస్తున్నారు, గేటు వైపు చూసినట్టు. ఆ ఎదురుచూపు వాళ్లనీ పట్టుకుంది. నిప్పు దిగుతోంది. నాలుగింట మూడు వంతులు కాలిపోయాయి. వాడు రాకపోయినా సరే అనుకుంది, ఇంకెవడైనా సరే, ఎవడూ రాకపోయినా సరే, ఆరితే ఆరనీ, ఆరినచోట కూర్చుంటాను, ఆరిపోయే హక్కు కూడా దానికి ఉండాలి, బంగారు గొడ్డలి మాత్రం రానివ్వను.

తలుపు కిర్రుమంది.

రెండు కట్టెలు, ఉచితంగా ఇచ్చే చొక్కా. తలమీద పేరు చూసి చివరనున్నావిడ చదివింది, “డాక్టర్ని కాదు.” లెక్కలాయన ఈసారి దాచుకోకుండా నవ్వాడు. వాడు పొయ్యి దగ్గరికి వచ్చాడు. కట్టె పెట్టాడు, రెండోది పెట్టాడు. మంట లేచింది, గోడమీద తెర వెలిగింది, గదిలో మొహాల మీద పడింది ఆ వెలుగు. పద్ధతి ప్రకారం ఇప్పుడు ఆమె లేవాలి. వేలు మీట మీద పెట్టింది. వాడి తలమీద మూడు చుక్కలు కనిపించాయి, ఏదో రాస్తున్నాడు, పోయాయి, మళ్లీ వచ్చాయి. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా రాని చుక్కలు.

‘అక్కా, జరుగు.’

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. డైరెక్టరు “ఎవరండీ ఈయన?” అన్నాడు. “పళ్లు చేస్తాడు” అంది ఆమె. మూడో మెట్టుని దుంగ చివరికి జరిపింది. ఒకరికి సరిపడా వేసిన దుంగ. వాడు కూర్చున్నాడు. ఎలా పట్టారో తెలియదు, సగం సగం గాల్లో, పట్టారు.

పన్నెండు కావస్తోంది. లాప్‌టాప్ మీద ఆమోదం గడి తెరిచింది, అందరూ చూస్తుండగా ‘వద్దు’ నొక్కింది, మూసేసింది.

“ఈసారికి లేదండీ. వచ్చేసారి మళ్లీ అడగండి. మళ్లీ ఇదే చెప్తాను.”

డైరెక్టరు మాట్లాడటం మొదలుపెట్టాడు, మీరు ఆలోచించాలి, పైవాళ్లు ఊరుకోరు, ఆ లోయ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది. వింటూనే ఉంది. వింటూనే గోడమీద మూడో మెట్టుని లేపి నిలబెట్టింది, తలుపు వైపు తిప్పింది, వాడికి రాసింది.

‘కూర్చో. కట్టెలు తెస్తాను.’